సంలీనశక్తి: చిన్న యంత్రములు, పెద్ద ప్రకటనలు

తేలిక పరమాణువుల కేంద్రకములు రెండు కలిసి ఒకటియగుటయే కేంద్రక సంలీనము. దీనిని భూమిమీద జరిపించుట ఇంతవరకు ఎవరికిని చేతకాలేదని విద్యార్థులు సాధారణముగా అనుకొందురు. ఈ అభిప్రాయము సరికాదు. 1934లోనే కేంబ్రిడ్జిలోని కేవెండిష్ ప్రయోగశాలలో ఆలిఫాంట్, హార్టెక్, రూథర్‌ఫర్డ్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు, ఒక గదిలో ఇమిడిన పరికరముతో, భార ఉదజని కేంద్రకములను భార ఉదజనిమీదికే వేగముగా పంపి సంలీనమును జరిపించిరి. ట్రిటియము, హీలియము-3 అను పదార్థముల ఉనికి తెలిసినది ఆ ప్రయోగములోనే. యురేనియము విచ్ఛిత్తి బయటపడినది 1938 చివరను. అనగా సంలీనము విచ్ఛిత్తికి అన్న. తమ్ముడు నాలుగేండ్లకే, 1942 డిసెంబరులో, చికాగోలో రియాక్టరై నడిచినాడు. అన్న తొంబది యేండ్లు దాటినను ఒక్క యింటి దీపమునైనను వెలిగించలేదు.

లోపమంతయు జమాఖర్చులలో ఉన్నది. సంలీనమునకు పెట్టిన శక్తి ఎక్కువ, తిరిగి వచ్చిన శక్తి తక్కువ. కాబట్టి "సంలీనము సాధించినారు" అను వార్త కనబడినప్పుడు, సాధించినారా లేదా అని వాదించుట వ్యర్థము. ఎంత పెట్టిరి, ఎంత వచ్చినది, ఆ లెక్కను ఎవరు సరిచూచిరి అని అడుగవలెను.

ఇట్టి వార్త ఒకటి 2024లో తెలుగునాటనే వెలువడినది. హైదరాబాదులోని హైలెనర్ అను సంస్థ, తక్కువ శక్తితో కేంద్రక చర్యను జరిపించు తమ పద్ధతికి భారత ప్రభుత్వపు పేటెంటు లభించినదని ప్రకటించెను. కోట్ల డిగ్రీల వేడిమి అక్కరలేదు. కొద్దిపాటి ఉదజనియు కొంత విద్యుత్తును ఇచ్చినచో, ఇచ్చినదానికంటె ఎక్కువ వేడి పుట్టునని సంస్థవారి వాదము. బల్లమీద పెట్టదగినంత చిన్న యంత్రములలో సూర్యశక్తిని బంధింతుమను ప్రకటనలు అమెరికా, ఐరోపాలనుండియు వచ్చుచునే యున్నవి.

పశ్చిమ ప్రకాశపు మెట్టలోని వెలిగండ్ల వంటి ఊరిలో ఈ మాట చెవిని వేసికొని ఊరకుండుట కష్టము. అక్కడ నీరు లోతైన బోర్లనుండి మోటారు బలముతో పైకి రావలెను. కనిగిరి ప్రాంతపు భూగర్భజలములో ఫ్లోరైడు హెచ్చు కాబట్టి, ఆ నీటిని త్రాగదగినట్లు శుద్ధిచేయుటకును మరల కరెంటే కావలెను. చవుకగా, తరుగక వచ్చు విద్యుత్తు అనగానే అక్కడి విద్యార్థి కన్నులు విప్పారును. "ఇది నిజమేనాండీ, మాస్టారూ?" అని అడుగును. అతనికి కావలసినది నిజానిజములను తూచుకొను త్రాసు. దానిని చేతికిచ్చుట ఉన్నత పాఠశాల పాఠముల పరిధిలోనే సాధ్యము.

ఇంధనము విషయములో మాత్రము ప్రకటనలవారు చెప్పు గొప్పలలో అసత్యము లేదు. ఉదజని పరమాణువులలో సుమారు 6,400కు ఒకటి భార ఉదజని, అనగా డ్యుటీరియము. గోదావరి నీటిలోనైనను, వెలిగండ్ల బోరు నీటిలోనైనను పాలు ఇంచుమించు ఇదే. ఒక లీటరు నీటిలోని డ్యుటీరియమంతయు సంలీనమైనచో వచ్చు శక్తి దాదాపు 300 లీటర్ల పెట్రోలుకు సమానము. ఈ డ్యుటీరియమును నీటినుండి వేరుచేయు విద్య తెలుగువారికి కొత్తది కాదు. గోదావరి యొడ్డున మణుగూరు భారజల కర్మాగారము 1991నుండి ఆ పనియే చేయుచున్నది. అక్కడి భారజలము విచ్ఛిత్తి రియాక్టర్లకు పోవును. సంలీనమునకు కావలసిన ముడిసరుకును అదియే. ఇంధనమును గూర్చిన ఈ సత్యమును చెప్పి, యంత్రమును గూర్చిన అసత్యమును దాని వెనుక నడిపించుట పత్రికలలో పరిపాటియైనది.

కేంద్రకములు రెండును ధనవిద్యుత్తు కలవి. దగ్గరకు రానీయక ఒకదానినొకటి నెట్టుకొనును. ఆ నెట్టుబాటును దాటించుటకే వేగము కావలెను, వేగమనగా వేడి. సూర్యగర్భములో ఉష్ణోగ్రత కోటిన్నర డిగ్రీలు. భూమిమీది యంత్రములో డ్యుటీరియము, ట్రిటియముల మిశ్రమమునకు దానికి పదిరెట్లు, పదిహేను కోట్ల డిగ్రీలు కావలెను. "కృత్రిమ సూర్యుడు" అను శీర్షికను పత్రికలవారు విడువరు గాని, ఆ పోలికయే పెడదారి పట్టించునది. సూర్యుని నడిగర్భములో ఒక ఘనపు మీటరు పదార్థము ఇచ్చు శక్తి సుమారు 275 వాట్లు మాత్రమే. తరగతిలో వెనుక బల్లమీద కునుకుతీయు విద్యార్థి శరీరము, పరిమాణమునుబట్టి చూచినచో, అంతకు నాలుగైదు రెట్లు ఎక్కువ వేడి నిచ్చుచుండును. సూర్యుడు ప్రకాశించునది తీవ్రతవలన కాదు, అపారమైన పరిమాణమువలన. సూర్యునంత మందగతిని పనిచేయు యంత్రము మనకు ఎందుకును కొరగాదు. సూర్యునికంటె ఎన్నో రెట్లు చురుకైనదానిని కట్టవలసియున్నది.

చిన్న యంత్రమునకు వచ్చిన చిక్కు ఇక్కడనే. పెళ్లివారి గుండిగలోని అన్నము గంటలకొలది పొగలు క్రక్కుచుండును. అదే అన్నము చిన్న గిన్నెలో పెట్టినచో కాసేపటికే చల్లారును. వేడి పుట్టునది లోపలి పరిమాణమంతటిలో. పోవునది పై ఉపరితలముగుండ. వస్తువు చిన్నదైనకొలది పుట్టుకకంటె పోకడ మించును. ప్లాస్మా కూడ అంతే. ప్లాస్మా ఎంత దట్టముగా ఉన్నది, ఎంత వేడిగా ఉన్నది, ఆ వేడిని ఎంతసేపు నిలుపుకొన్నది అను మూడింటిని కలిపి చూచినగాని లాభనష్టములు తేలవని 1955లో జాన్ లాసన్ అను ఇంజనీరు చూపెను. నేటికిని ఆ కొలమానమే ప్రమాణము. "పది కోట్ల డిగ్రీలు సాధించినారు" అను వార్త ఈ మూడింటిలో ఒక్కదానిని మాత్రమే చెప్పును. ట్యూబు లైటులోని ఎలెక్ట్రానుల ఉష్ణోగ్రత పదివేల డిగ్రీలు దాటును. గొట్టమును తాకినచో చేయి కాలదు.

ఫ్యూజర్ అను పరికరము దీనికి మంచి ఉదాహరణము. టెలివిజను నిర్మాతలలో ఒకడైన ఫార్న్స్‌వర్త్ 1960 దశకములో దీనిని రూపొందించెను. గాలిని తీసివేసిన లోహపు గోళములో కొద్దిగా డ్యుటీరియము వాయువును, నడుమ ఒక తీగెల పంజరమును ఉంచి, పంజరమునకు వేలకొలది ఓల్టులు ఇత్తురు. కేంద్రకములు నడిమికి పరుగెత్తి ఢీకొనును. కొన్ని కలిసిపోవును. 2018లో అమెరికాలో పన్నెండేండ్ల బాలుడొకడు ఇంటిలోనే దీనిని అమర్చి సంలీనము జరిపించినాడు. ఆ బాలుడు మెచ్చదగినవాడే. ఇక లెక్క చూడవలెను. 30,000 ఓల్టులవద్ద 10 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించుచున్నదనుకొన్నచో ఖర్చు 300 వాట్లు. ఔత్సాహికుల ఫ్యూజరులలో సెకనుకు పదిలక్షల న్యూట్రానులు వచ్చుట గొప్ప ఫలితము. డ్యుటీరియము చర్యలలో ఇంచుమించు సగములో మాత్రమే న్యూట్రాను వచ్చును కాబట్టి చర్యలు ఇరువది లక్షలు. అన్నియు కలిపి ఇచ్చు శక్తి వాటులో పదిలక్షలవ వంతు. మూడు వందల రూపాయలు పెట్టి పైసాలో పదివేలవ వంతు సంపాదించినట్లు. ఫ్యూజరు సంలీన యంత్రము కాదనుటకు వీలులేదు, శక్తి యంత్రమనుటకును వీలులేదు. న్యూట్రానులను పుట్టించు సాధనముగా మాత్రము దానికి ఉపయోగమున్నది. ఇంత పెద్ద ఓల్టేజి పాఠశాలలో తలపెట్టదగినది కాదని ప్రత్యేకముగా చెప్పనక్కరలేదు.

సంలీన చరిత్రలో తొందరపాటు ప్రకటనలకు కొదువలేదు. 1951 మార్చిలో అర్జెంటీనా అధ్యక్షుడు పెరోన్, తమ దేశములో హ్యూముల్ ద్వీపమున రిక్టర్ అను శాస్త్రజ్ఞుడు సంలీనమును అదుపులోనికి తెచ్చినాడని లోకమునకు చాటెను. శక్తిని పాలసీసాలవలె సీసాలలో నింపి అమ్మవచ్చునని కూడ ఆయన అన్నట్లు ప్రసిద్ధి. మరుసటి యేడు బల్సేరో మొదలగు శాస్త్రజ్ఞులు పరీక్షించి, అక్కడ సంలీనమునకు నిదర్శనమేమియు లేదని తేల్చగా ఆ ప్రయోగశాల మూతపడెను.

రిక్టరు కథను మోసమనియో భ్రమయనియో తీసివేయవచ్చును. బ్రిటనులోని హార్వెల్ ప్రయోగశాలవారి జీటా కథ అట్లు తీసివేయదగినది కాదు. అక్కడివారు సమర్థులు, నిజాయితీపరులు. 1958 జనవరిలో జీటా యంత్రమునుండి వచ్చుచున్న న్యూట్రానులు సంలీనపు వేడిమివలన పుట్టినవేనని, తనకు నూటికి తొంబదిపాళ్లు నమ్మకమున్నదని, నోబెలు బహుమతి గ్రహీతయగు కాక్‌క్రాఫ్ట్ విలేకరులకు చెప్పెను. పత్రికలు ఆ మిగిలిన పదిపాళ్లను మరచినవి. ఆ సంస్థలోనివాడే యైన బాసిల్ రోజ్ న్యూట్రానుల శక్తిని వేర్వేరు దిక్కులనుండి కొలిచి చూచెను. వేడిమివలన పుట్టిన న్యూట్రానులైనచో అన్ని దిక్కులలోను ఒకేతీరుగా ఉండవలెను. అట్లు లేదు. ప్లాస్మాలోని అస్థిరతవలన కొన్ని కేంద్రకములు మాత్రమే ఒకవైపునకు త్రోయబడి ఢీకొన్నవని, మొత్తము ప్లాస్మా వేడెక్కలేదని తెలిసినది. మే నెలలో హార్వెల్ తన మాటను తానే ఉపసంహరించుకొన్నది. న్యూట్రానులు ఉన్నమాట నిజము, సంలీనము జరిగినమాట నిజము, కాని దానికి చెప్పిన కారణము తప్పు. విద్యార్థులకు చెప్పదగిన కథ ఇంతకంటె మేలైనది సంలీన చరిత్రలో మరొకటి లేదు.

పదేండ్ల తరువాత జరిగినది దీనికి సరిగా ఎదురు కథ. 1968లో నొవొసిబిర్స్క్ సమావేశములో సోవియట్ శాస్త్రజ్ఞుడు ఆర్టిసిమోవిచ్, తమ టి-3 టోకమాక్ యంత్రములో కోటి డిగ్రీల ఉష్ణోగ్రత వచ్చినదని చెప్పెను. టోకమాక్ అనగా గారెవలె నడుమ రంధ్రముగల పాత్రలో ప్లాస్మాను అయస్కాంత క్షేత్రముతో పట్టియుంచు యంత్రము. పాశ్చాత్యులు నమ్మలేదు. జీటా గాయము మానలేదు మరి. ఆర్టిసిమోవిచ్ కోపగించుకొనలేదు. బ్రిటిషువారినే వచ్చి కొలువుడని పిలిచినాడు. ప్రచ్ఛన్న యుద్ధము ముమ్మరముగానున్న రోజులవి. అయినను కల్హామ్ ప్రయోగశాలవారు తమ లేసరు పరికరములను మోసికొని మాస్కో చేరి, ప్లాస్మాలోని ఎలెక్ట్రానులు వెదజల్లు వెలుతురునుబట్టి ఉష్ణోగ్రతను కొలిచిరి. 1969లో సోవియట్లు చెప్పినది నిజమేనని ప్రకటించిరి. మరుసటి యేడే అమెరికాలోని ప్రిన్‌స్టన్‌వారు తమ పాత యంత్రమును విప్పి టోకమాకుగా మార్చుకొన్నారు. టి-3 కూడ ప్రయోగశాలలో ఇమిడిన యంత్రమే. అది పెద్ద ప్రకటన చేసినందువలన గెలువలేదు. ఇతరుల ఉష్ణమాపకమును లోపలికి రానిచ్చినందువలన గెలిచినది.

ఈ దృష్టితో చల్లని సంలీనమును పరిశీలింపవలెను. 1989 మార్చి 23వ తేదీన అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయములో ఫ్లైష్‌మన్, పాన్స్ అను రసాయనశాస్త్రజ్ఞులు విలేకరులను పిలిచి, పల్లేడియము కడ్డీని భారజలములో ఉంచి విద్యుత్తు పంపగా, రసాయన చర్యలకు అందనంత వేడి వచ్చినదని చెప్పిరి. లోకమంతయు ఉలిక్కిపడి భారజలమునకై పరుగెత్తినది. మన దేశములో ఆ పరుగు అవసరము లేకపోయినది. బొంబాయిలోని భాభా అణుపరిశోధన కేంద్రములో భారజలమునకు కొదువలేదు, ట్రిటియమును కొలుచు అనుభవమునకును లోటులేదు. సంచాలకుడు పి. కె. అయ్యంగార్ ప్రోత్సాహముతో అనేక బృందములు వెంటనే ప్రయోగములు ప్రారంభించి, ఆ యేటనే పెద్ద నివేదికను వెలువరించినవి. ట్రిటియము కనబడినదని, న్యూట్రానులు మాత్రము దానితో పోల్చినచో అత్యల్పమని అందులో చెప్పబడినది.

ఆ అత్యల్పము అను మాటవద్దనే ఆగవలెను. ప్రయోగశాలలలో వేలసార్లు కొలిచిన డ్యుటీరియము సంలీనములో ట్రిటియము పుట్టు చర్యలు, న్యూట్రాను పుట్టు చర్యలు ఇంచుమించు సరిసమానము. ఒక వాటు వేడి ఇట్లు రావలెనన్నచో సెకనుకు ఎనిమిది వందల యేబది వందకోట్ల న్యూట్రానులు బయటకు రావలెను. అంతటి యంత్రము ప్రక్కన అడ్డుగోడ లేకుండ నిలిచినవాడు రోజుల తరబడి ప్రయోగము చేయజాలడు, వైద్యశాల పాలగును. యూటా ప్రయోగశాలలో అందరును ఆరోగ్యముగా ఉన్నారు. ఆ ఆరోగ్యమే ఆ వాదమునకు మొదటి ఎదురుసాక్ష్యమని శాస్త్రజ్ఞులు చమత్కరించిరి. లోహములో చర్య వేరొక త్రోవను నడిచి, న్యూట్రానులు లేక నేరుగా హీలియమునే ఇచ్చుచున్నదని సమర్థకుల సమాధానము. అట్లనుటకు తప్పులేదు, అప్పుడు హీలియమును చూపవలెను. 50 వాట్ల వేడి నెలరోజులు నిలిచినచో పుట్టవలసిన హీలియము సుమారు ఒక ఘనపు సెంటీమీటరుకు కొంచెము పైన. ఇది కొలువదగినదే. కాని సాధారణమైన గాలిలోనే లీటరుకు ఘనపు సెంటీమీటరులో ఇన్నూరవ వంతు హీలియమున్నది. పాత్రకు వెంట్రుకవాసి సందున్నను బయటి హీలియము లోపలి సాక్షిగా వచ్చి నిలుచును.

కొందరు పరిశోధకులు ఈ విషయమును విడువలేదు. గూగుల్ సంస్థ ధనసహాయముతో నాలుగు సంవత్సరములు శ్రమించిన బృందమొకటి, చల్లని సంలీనమునకు నిదర్శనమేమియు కానరాలేదని 2019లో 'నేచర్' పత్రికలో వ్రాసినది. అందులోనివారే కొందరు బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయములో పని సాగించి 2025లో వేరొక ఫలితమును ప్రకటించిరి. పల్లేడియము రేకుమీదికి ఒకవైపునుండి డ్యుటీరియము కేంద్రకములను విసరుచు, రెండవవైపునుండి విద్యుద్విశ్లేషణద్వారా లోహములోనికి మరికొంత డ్యుటీరియమును ఎక్కించినచో, సంలీనముల సంఖ్య నూటికి పదిహేనుపాళ్లు పెరిగినది. న్యూట్రానులను లెక్కించియే వారు ఈ మాట చెప్పిరి. పెట్టినది 15 వాట్లు, వచ్చినది వాటులో వందకోట్లవ వంతు అనియు వారే చెప్పిరి. చిన్న యంత్రపు పరిశోధన ఎట్లుండవలెనో ఇది చూపుచున్నది. ఫలితము చిన్నది, వాదము కూడ ఫలితమంతయే.

న్యూట్రానులు లేనిచోట మిగిలిన సాక్ష్యము వేడి ఒక్కటే. వేడిని కొలుచుట తొమ్మిదవ తరగతి పాఠమువలె కనబడును గాని, మోసపుచ్చుటలో దానిని మించినది లేదు. వెలిగండ్ల పాఠశాలలోనే దీనిని చూపవచ్చును. మే నెలలో గాలి 42 డిగ్రీలు ఉండగా కొత్త కుండలోని నీరు దానికంటె ఎంతో చల్లగా ఉండును. కుండ చలిని పుట్టించినదని ఎవరును అనరు. కుండ చెమర్చి, ఒక్కొక్క గ్రాము నీరు ఆవిరియగుచు సుమారు 2,400 జౌళ్లను తనతో కొనిపోవుచున్నది. ఆ చెమటను లెక్కలో వ్రాయనివానికి కుండ ఒక అద్భుత యంత్రమే. 1989నాటి మూత లేని పాత్రలలోను ఇట్టి చిక్కే. విద్యుత్తుచేత నీరు ఉదజని, ఆమ్లజనులుగా విడిపోవునప్పుడు కొంత శక్తి ఆ వాయువులతో పోవునని లెక్కలో తీసివేయుదురు. ఆ వాయువులు బయటకు పోక పాత్రలోనే తిరిగి కలిసినచో, తీసివేసిన శక్తి వేడియై తిరిగి వచ్చి "అదనము"గా కనబడును.

రెండవ ప్రయోగము ఇంకను సులభము. లీటరు నీటిలో 1,000 వాట్ల హీటరును సరిగా ఒక నిమిషము ఉంచినచో లెక్కప్రకారము 14 డిగ్రీలు పెరుగవలెను. ఉష్ణమాపకమును ముంచుటకు ముందు హీటరును ప్లగ్గునుండి తీసివేయుట మరువరాదు. పల్లెలలో ఓల్టేజి ఎప్పుడును ఒకతీరుగా ఉండదు. 230 ఉండవలసినది 200కు దిగినచో ఆ హీటరు ఇచ్చునది 756 వాట్లు. అర్ధరాత్రి 250కి ఎక్కినచో 1,180 వాట్లు. హీటరుపై అచ్చువేసిన అంకెనే నమ్మి లెక్కవేసిన విద్యార్థికి, పగలు శక్తి మాయమైనట్లును, రాత్రి నూటికి పదునెనిమిదిపాళ్లు శక్తి శూన్యమునుండి పుట్టినట్లును తోచును. విద్యుత్తు నిలకడగా కాక తునకలు తునకలుగా, స్పందములుగా ఇచ్చు యంత్రములలో సాధారణపు మీటర్లు ఇంతకంటెను ఘోరముగా తప్పుదారి పట్టించును. 100 వాట్లు ఇచ్చి 150 వాట్లు పొందితిమని ఎవరైన చెప్పినప్పుడు, ఆ 150 మీదనే అందరి దృష్టియు నిలుచును. అనుమానింపవలసినది 100ను కూడ.

హైదరాబాదు సంస్థ వాదమును ఈ త్రాసులో ఉంచినచో ఏమగును? పేటెంటు లభించుట తేలికగా తీసివేయదగినది కాదు. కాని పేటెంటు కార్యాలయము చూచునది ఆ పద్ధతి కొత్తదా, స్వయంకల్పితమా, పరిశ్రమకు పనికివచ్చునని వ్రాతలో చూపబడినదా అని. అధికారి యంత్రమును తన బల్లమీద నడిపి వేడిని కొలువడు. పేటెంటు యాజమాన్యపు పత్రమే గాని ప్రకృతి ఇచ్చిన సాక్షిపత్రము కాదు. ప్రేక్షకులయెదుట ప్రదర్శించుట కూడ కొలత కాదు. తమ కొలపాత్రలో, తమ మీటర్లతో, సంస్థకు సంబంధము లేని రెండు మూడు ప్రయోగశాలలు ఆ యంత్రమును నెలల తరబడి నడిపి, కేంద్రక చర్య విడిచిన బూడిదను, అనగా హీలియమునో మారిన మూలకములనో, చూపవలెను. అంతవరకు ఆ వాదమును నిరూపితమని తరగతిలో చెప్పరాదు. అపహసించుటయు తగదు. ఆర్టిసిమోవిచ్ చూపిన ద్వారము ఎవరికైనను తెరచియే యున్నది. తెలుగు పత్రికలు మాత్రము "హైదరాబాదులో సూర్యుడు" వంటి పొగడ్తకు ఇచ్చిన చోటులో పదవవంతు ఈ ప్రశ్నలకు ఇచ్చినను మేలు.

చల్లని సంలీనము విషయములో కఠినముగా ఉండి, వేడి సంలీనము చేయు పెద్దవారిని వదలివేయుట న్యాయము కాదు. 1955లో జెనీవాలో జరిగిన అణుశక్తి సమావేశమునకు అధ్యక్షత వహించిన హోమీ భాభా, రెండు దశాబ్దములలో సంలీనశక్తిని అదుపులోనికి తెచ్చు మార్గము కనుగొనబడునని చెప్పెను. ఏడు దశాబ్దములు గడచినవి. 2022 డిసెంబరు 5న కాలిఫోర్నియాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 2.05 మెగాజౌళ్ల లేసరు కాంతికి 3.15 మెగాజౌళ్ల సంలీనశక్తి వచ్చినది. ఇది నిజముగా గొప్ప మెట్టు. కాని లేసర్లను వెలిగించుటకు గోడనుండి తీసికొన్న విద్యుత్తు సుమారు 300 మెగాజౌళ్లు. వచ్చిన 3.15 మెగాజౌళ్లు కరెంటు బిల్లు భాషలో ఒక యూనిటుకు కూడ తక్కువ. బ్రిటనులోని జెట్ యంత్రము 2023లో ఒక్క ప్రయోగములో ఇచ్చిన 69 మెగాజౌళ్లు 19 యూనిట్లు. ఆ డిసెంబరులోనే దానిని ఆపివేసిరి. గీత ఎక్కడ గీసినారన్నదానిపై లాభనష్టములు ఆధారపడును. గీతను గుళిక చుట్టు గీసినచో లాభము, భవనము చుట్టు గీసినచో నష్టము. ప్రకటనలలో గీత కనబడదు.

గుండిగ, గిన్నెల న్యాయమును తప్పించుకొను దారి ఒకటున్నది. అయస్కాంత క్షేత్రమును బలపరచినచో యంత్రమును చిన్నది చేయవచ్చును. క్షేత్రము రెట్టింపైనచో, తక్కినవి సమానముగానుండగా, అదే పరిమాణములో వచ్చు సంలీనశక్తి పదునారు రెట్లు కాగలదు. 2021 సెప్టెంబరులో అమెరికాలోని కామన్‌వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ అను సంస్థయు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమును కలిసి, కొత్తరకపు అతివాహక పట్టీలతో చుట్టిన అయస్కాంతమును 20 టెస్లాలవరకు నడిపించినవి. వారు కట్టుచున్న స్పార్క్ టోకమాకు వలయపు వ్యాసార్ధము 1.85 మీటర్లు. ఫ్రాన్సులో ఏడు పక్షములు కలిసి కట్టుచున్న ఈటర్‌ది 6.2 మీటర్లు. చిన్న యంత్రముల వాదములలో ఊహ కాక లెక్క కలది ఇది. అయినను స్పార్కు నడిచి చూపవలసియే యున్నది. 2028లో మైక్రోసాఫ్టు సంస్థకు విద్యుత్తు ఇత్తుమని 2023లో ఒప్పందము వ్రాసికొన్న హీలియన్ సంస్థ మాటను ఆ సంవత్సరము వచ్చినప్పుడు చూడవలెను.

మన దేశపు చిన్న యంత్రములు ఇట్టి వాగ్దానములేవియు చేయవు కాబట్టి పత్రికలలో వాటి పేరు అరుదు. కలకత్తాలోని సాహా సంస్థలో 1987నుండి పనిచేసిన టోకమాకు వలయపు వ్యాసార్ధము 30 సెంటీమీటర్లే. గాంధీనగరు సమీపమున ప్లాస్మా పరిశోధన సంస్థవారు దేశములోనే నిర్మించి 1989లో నడిపించిన 'ఆదిత్య' వ్యాసార్ధము 75 సెంటీమీటర్లు. దానిని మార్చి కట్టిన 'ఆదిత్య-యు' 2016లో వెలిగినది. వీటిలో ప్లాస్మా నిలుచునది సెకనులో చిన్న భాగము. శక్తిని ఉత్పత్తిచేయుట వీటి ఉద్దేశమే కాదు. ప్లాస్మా అంచునుండి వేడి సమముగా కారిపోక, ఉండియుండి ఉప్పెనలవలె విరుచుకొనిపోవునని ఆదిత్యలోని కొలతలు 1990 దశకపు ఆరంభములోనే చూపినవి. గోడలను కాపాడుకొనవలసిన పెద్ద యంత్రమునకు ఈ జ్ఞానము కోట్ల విలువైనది. చిన్న యంత్రము పగిలినను నష్టము కొద్ది. విద్యార్థి దానిని తన చేతులతో విప్పి బిగించి నేర్చుకొనగలడు. చిన్న ప్రయోగములకు ధనమీయవలసినది ఈ కారణమున. రేపటి కరెంటును ఆశ చూపి వాటికి ధనము కోరుట వాటికే అపకారము.

ఇక ఈటర్ కూడ పెట్టిన 50 మెగావాట్లకు 500 మెగావాట్లు ఇచ్చునని లెక్కవేసినారు గాని, డ్యుటీరియము, ట్రిటియములతో అది పనిచేయుట 2039లోనని 2024లో సవరించుకొన్నారు. ఆ ట్రిటియమే ఇప్పుడు అందరికిని అడ్డు. అది పన్నెండేండ్లకొకసారి సగము నశించును. ప్రకృతిలో చాలినంత దొరకదు. ప్లాస్మా చుట్టు లిథియమును పరచి, అందులో న్యూట్రానులను పట్టి, యంత్రమే తన ట్రిటియమును తాను పండించుకొనవలెను. పంట ఖర్చుకంటె కొంచెమైనను మించవలెను. ఆ లిథియమును మోయు పెట్టెలకు, న్యూట్రానుల దెబ్బకు ఓర్చి, చాలకాలము రేడియో ధార్మికత నిలుపుకొనని ప్రత్యేకపు ఉక్కు కావలెను. కల్పాక్కము, గాంధీనగరు శాస్త్రజ్ఞులతో కలిసి ఆ ఉక్కును పోతపోసినది హైదరాబాదులోని మిశ్రధాతు నిగమము. ఈటర్‌లో పరీక్షించుటకై భారతదేశము రూపొందించిన పెట్టెకు ఉద్దేశించినది ఆ ఉక్కునే. సంలీనపు న్యూట్రానులు ఆ ఉక్కును ఏమి చేయునో తెలియుటకు ఆ యంత్రము వెలుగువరకు ఆగవలసియున్నది.